సూరతు సాదేలి పెట్టె

సూరతు నగరంలోని పార్సీల పాత ఇండ్లలో ఒక విధమైన పెట్టె కనిపిస్తుంది. మూరెడు పొడవైనదీ ఉంటుంది, అరచేతిలో ఇమిడేదీ ఉంటుంది. మూతమీదను, నాలుగు ప్రక్కలను, అంచుల వెంబడిని ఆవగింజంతేసి తునకలతో కూర్చిన నక్షత్రాలు, షట్కోణాలు నిండి ఉంటాయి. దూరం నుండి చూచినవారు ఏదో నేతగుడ్డను పెట్టెకు తొడిగినారని భ్రమపడతారు. దగ్గరకు పోయి వ్రేలితో తడిమితే గాని అది కొయ్య, దంతం, కొమ్ము, తగరం కలిసిన పని అని తెలియదు. ఈ పనికి సాదేలి అని పేరు. పెండ్లికూతురికి పెట్టే వస్తువులతో పాటు ఇటువంటి పెట్టెను ఇచ్చే ఆచారం ఆ ఇండ్లలో ఉండేది. ఆమె నుండి కూతురికి, కూతురి నుండి మనుమరాలికి అది చేరేది. లోపల దాచిన నగలు ఏ తరంలోనో కరిగి వేరొక రూపం దాల్చినా పెట్టె మాత్రం అట్లే నిలిచేది. మన ఇండ్లలో అమ్మమ్మగారి కుంకుమభరిణెకు ఉండిన స్థానం వంటిదే ఇదీ అనుకొనవచ్చును.

సూరతు అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది బట్ట. తెలంగాణం నుండి పద్మశాలి కుటుంబాలు మగ్గాన్ని నమ్ముకొని ఆ నగరానికి వలసపోయి తరాలు గడచినవి. ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలలో తెలుగు మాట వినిపించని వీథి అరుదు. నగరపాలక సంస్థ వారి పిల్లల కొరకు తెలుగు మాధ్యమంలో పాఠశాలలను కూడా నడుపుతూ వచ్చినది. ఒకప్పుడు నగరానికి వెలుపలి పల్లెలైన బమ్రోలి, వడోద్ వంటివి నేడు నగరంలో కలిసిపోయి మరమగ్గాల చప్పుడుకు అలవాటుపడినవి. బట్ట తరువాత సూరతుకు పేరు తెచ్చినవి జరీ, వజ్రాల సాన. ఈ మూడింటి చాటున సాదేలి మరుగునపడినది. వడోద్‌లో పుట్టి పెరిగిన పిల్లవానికి సైతం ఈ మాట తెలియకపోవచ్చును. అయినా ఆ నగరపు చరిత్రను చదవడానికి బట్టకన్న ఈ పెట్టె తక్కువదేమీ కాదు.

ముందుగా పని తీరు చెప్పవలె. మామూలుగా కొయ్యలో దంతాన్ని పొదగదలచిన వడ్రంగి కొయ్యమీద గీత గీసి, ఉలితో గుంట తొలిచి, ఆ గుంటకు సరిపడ దంతపు తునకను కోసి అందులో కూర్చుతాడు. ఒక్కొక్క పువ్వుకు ఒక్కొక్కసారి ఈ శ్రమ పడవలసిందే. సాదేలి పనివాడు వేరొక ఉపాయం కనిపెట్టినాడు. నల్లదనానికి తుమికిజాతి చేవ, ఎరుపుకు ఎర్రని కలప, తెలుపుకు దంతం, ఆకుపచ్చకు రంగులో నానబెట్టిన దంతమో ఎముకో, వెండి మెరుపుకు తగరపు తీగ — వీటన్నిటినీ సన్నని, పొడవైన పుల్లలుగా చేసుకొంటాడు. ఆ పుల్లల అడ్డుకోత ముక్కోణంగానో, చతురస్రంగానో ఉండేట్లు ఆకురాయితో నునుపుచేస్తాడు. తరువాత ఏ రంగు ప్రక్కన ఏ రంగు రావలెనో చూచుకొని పుల్లలను కట్టగా పేర్చి, జిగురు పూసి, దారంతో బిగించి ఆరబెడతాడు. ఇటువంటి చిన్న కట్టలను కొన్నిటిని మళ్ళీ ఒకటిగా చేర్చి పెద్ద కట్ట చేస్తాడు. అది గట్టిపడిన పిమ్మట రంపంతో అడ్డంగా పలుచని బిళ్ళలు కోస్తాడు. ప్రతి బిళ్ళమీదను అదే నక్షత్రం వెలువడుతుంది.

మడత కాజా చేయడం చూచినవారికి ఈ కిటుకు వెంటనే బోధపడుతుంది. పొరలు పొరలుగా మడిచి చుట్టిన పిండిని కత్తితో అడ్డంగా కోస్తే ప్రతి ముక్కలోను అదే చుట్ట అగపడుతుంది గదా. చుట్టడంలో తప్పు జరిగితే ఆ తప్పు అన్ని ముక్కలలోను ఉంటుంది. అందుచేత సాదేలిలో నేర్పంతా కట్టను కట్టడంలోనే ఉన్నది. ఒక్క పుల్ల వెంట్రుకవాసి లావైనా ఆరు కోణాల నక్షత్రం ఒకవైపు వాలుతుంది. బిళ్ళలు సిద్ధమైన తరువాత వాటిని టేకుతోనో, గంధపుచెక్కతోనో చేసిన పెట్టెకు అతికి, ఆకురాయి పట్టి, మెరుగుపెట్టడం మిగిలిన పని. ఇది ఓపికకు సంబంధించినది. ఒక పెద్ద పెట్టెకు ఎన్ని వేల తునకలు పడతాయో లెక్కపెట్టే ఓపిక చూచేవారికి ఉండదు, చేసేవానికి ఉండక తప్పదు.

ఇక్కడ అనువాదకుని ఇబ్బంది ఒకటి చెప్పుకొంటాను. హిందీలో ఇటువంటి పనులన్నిటిని కలిపి పచ్చీకారీ అని ఒకే మాటలో తేల్చివేస్తారు. తెలుగులో పొదగడం వేరు, తాపడం చేయడం వేరు. సాదేలి పొదుగు కాదు, ఎందుకంటే కొయ్యలో గుంట తొలచడం లేదు. తాపడానికి దగ్గర, కాని తాపడం చేసే రేకు ముందుగానే వేరొక పనికి ఫలితంగా పుట్టినది. కనుక సాదేలి అనే మాటనే ఉంచుకొనడం మంచిది. జిగురు మాట ఇంకను చిత్రమైనది. ఉత్తరాది వడ్రంగులు దానిని పారసీకం నుండి వచ్చిన మాటతో సరేస్ అంటారు. మన వడ్రంగులు మాత్రం వజ్రం అంటారు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపానికి ఒక అధ్యాయమే కేటాయించినాడు. ఆ పాత మాట మన వడ్రంగి కొట్టంలో బ్రతికి ఉన్నదని భావించవచ్చును. వజ్రాల నగరంలో పుట్టే ఈ పెట్టె నిలిచి ఉండడం కూడా, తెలుగువాని మాటలో చెప్పవలెనంటే, వజ్రం మీదనే.

సాదేలి ఇరాన్ దేశపు షీరాజు నగరం నుండి సింధుకు, అక్కడి నుండి సూరతు, బొంబాయిలకు వచ్చినదని చాలకాలంగా చెప్పుకొంటున్న మాట. షీరాజులో ఇదే పద్ధతిలో చేసే పనిని ఖాతం అంటారు. రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే ఈ మాటను కాదనడం కష్టం. జార్జి బర్డ్‌వుడ్ 1880లో వెలువడిన భారతీయ శిల్పకళల గ్రంథంలో ఈ పరంపరనే పేర్కొన్నాడు. పార్సీలు తామే ఇరాన్ నుండి వచ్చినవారు గనుక ఈ విద్యను కూడా వారే తెచ్చినారని కొందరు సులభంగా నిర్ణయిస్తారు. ఇది అంగీకరింపదగినది కాదు. పార్సీలు గుజరాతు తీరానికి వచ్చిన కాలానికీ ఈ పెట్టెలు కనిపించే కాలానికీ నడుమ ఎన్నో శతాబ్దాలున్నవి. పార్సీలు ఈ పనికి పోషకులు, ప్రియులు అన్నది స్పష్టం. పనివారి కులమతాలు వేరుగానూ ఉండినవి. పేటీ అనగా పెట్టె. పేటీగరా అన్న ఇంటిపేరు పార్సీలలోను, హిందువులలోను కనిపించడమే ఇందుకు తార్కాణం.

ఆంగ్లేయుల కాలంలో దీనికి బొంబాయి పెట్టె అనే పేరు కలిగినది. సూరతు ఓడరేవు ప్రాముఖ్యం బొంబాయికి తరలిపోగా, పెట్టె కూడా ఆ పేరుతోనే ఓడ యెక్కినది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనంలో బొంబాయి పనివారి పెట్టెలు చోటుచేసుకొన్నవి. దొరసానులు కుట్టుసామగ్రి ఉంచుకొనే పెట్టెలు, ఉత్తరాలు వ్రాసుకొనే బల్లపెట్టెలు, చీట్లపేకల పెట్టెలు విరివిగా తయారైనవి. అదే కాలంలో ఇంగ్లండులో టన్‌బ్రిడ్జి అనే చోట కూడా, పుల్లల కట్టను అడ్డంగా కోసే పద్ధతితోనే పెట్టెలు అలంకరించసాగినారు. అక్కడ ఈ పద్ధతిని 1830 ప్రాంతంలో జేమ్స్ బరోస్ అనే అతడు ప్రారంభించినాడని చెబుతారు.

ఇప్పుడు జపాను విషయానికి రావలె. ఫూజీ పర్వతానికి చేరువగా హకోనే అనే కొండప్రాంతం ఉన్నది. ఎడో నుండి క్యోటోకు పోయే తొకాయిదో అనే రాచబాట ఆ కొండల మీదుగా పోయేది. బాటసారులు ఎక్కలేక ఎక్కి, ఆగి ఊపిరి పీల్చుకొనే మజిలీ ఊళ్ళలో హతాజుకు ఒకటి. పంతొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధంలో ఆ ఊరి ఇషికావా నిహేయి అనే కొయ్యపనివాడు యోసెగి అనే పనిని ఆరంభించినాడు. యోసెగి అనగా కొయ్యలను దగ్గర చేర్చడం. హకోనే కొండలమీద చెట్ల జాతులు లెక్కకు మిక్కిలి. తెల్లనిది, పసుపుపచ్చనిది, గోధుమవన్నెది, బూడిదవన్నెది, నల్లనిది — ఇట్లు కలప సహజవర్ణాలనే తీసుకొని, పుల్లలుగా కోసి, జిగురుతో కట్టలుగా కట్టి, కట్టలను చేర్చి దిమ్మె చేస్తారు. అంతవరకు సూరతు పనివాడు కూడా తన పనేనని గుర్తుపట్టగలడు. అక్కడి నుండి దారి వేరు. జపాను పనివాడు దిమ్మెను రంపంతో కోయడు. పదునైన చిత్రికతో దాని ముఖాన్ని ఒక్క ఊపున తోస్తాడు. కాగితం వలె పలుచని పొర చుట్టలు చుట్టుకొంటూ లేచి వస్తుంది. దానిని చదునుచేసి పెట్టెకు అతుకుతారు. సాదేలిలో దంతం, తగరం ఉన్నవి గనుక చిత్రికకు లొంగవు, రంపమే గతి. కొయ్య ఒక్కటే ఉంటే ఇటువంటి సౌలభ్యం కలుగుతుంది.

హకోనే పనివారు అక్కడితో ఆగక పెట్టెకు ఒక రహస్యాన్ని జోడించినారు. హిమిత్సుబాకో, అనగా గుప్తపేటిక. మెయిజీ చక్రవర్తి కాలంలో (1868–1912) ఇది రూపుదిద్దుకొన్నది. దానికి తాళం ఉండదు, మూత ఎక్కడున్నదో కూడా తెలియదు. ఒక ప్రక్క పలకను గోరంత జరిపితే మరొక పలక జరగడానికి వీలు కలుగుతుంది. నాలుగు కదలికలతో తెరచుకొనేవి ఉన్నవి, డెబ్బైరెండు కదలికలతో గాని తెరచుకొననివీ ఉన్నవి. ఒక్క కదలిక వరుస తప్పినా పెట్టె బిగిసి ఊరకుంటుంది. పైన పరచిన యోసెగి అల్లిక ఇక్కడ అలంకారానికి మించిన పని చేస్తుంది. పలకల సందులను ఆ నక్షత్రాల గీతలు కప్పివేస్తాయి. తాతగారు మనుమనికి పెట్టెను ఇవ్వవచ్చును, తెరచే వరుసను చెప్పవచ్చును, చెప్పక ఊరకుండవచ్చును. నా మట్టుకు చెప్పకపోవడమే మేలనిపిస్తుంది.

జపానులో పెట్టెకూ ఆడపిల్లకూ ఉన్న సంబంధం గురించి మరొక మాట. ఆడపిల్ల పుట్టినప్పుడు కిరి అనే చెట్టును పెరటిలో నాటే ఆచారం అక్కడి పల్లెలలో ఉండేది. అది త్వరగా ఎదిగే చెట్టు. పిల్లకు పెండ్లి యీడు వచ్చేనాటికి దానిని కొట్టి, ఆ పలకలతోనే ఆమె బట్టలు దాచుకొనే పెట్టె చేయించేవారు. కిరి కలప తేలికైనది, తేమను లోపలికి రానీయదు. సూరతు తల్లి సాదేలి పెట్టెను ఇచ్చినప్పుడు అందులో ఏ భావం ఉన్నదో ఇందులోను అదే ఉన్నది. ఒకచోట ఊళ్ళోని పనివాడు, మరొకచోట పెరటిలోని చెట్టు.

సూరతు సాదేలికి హకోనే యోసెగికి చారిత్రకమైన చుట్టరికం ఉన్నదా? ఈ పోలికను చూడగానే ఉన్నదని చెప్పాలనే కోరిక కలుగుతుంది. కాని ఆధారం లేనిదే అట్లు చెప్పరాదు. కొయ్యతో పనిచేసే తెలివిగల చేతులు ఒకదాని ఊసు మరొకటి ఎరుగకనే ఒకే ఉపాయాన్ని పట్టుకొనవచ్చును. టన్‌బ్రిడ్జి కూడా ఆ సంగతినే సూచిస్తున్నది. అయితే ఇంతకు రెండు శతాబ్దాలకు మునుపు గుజరాతు పెట్టెకు, జపాను పెట్టెకు నిజంగానే ఒక చుట్టరికం కలిసినది. పదహారవ శతాబ్దంలో గుజరాతు పనివారు కొయ్య పెట్టెలకు ముత్యపుచిప్ప తునకలను తాపడం చేసేవారు. పోర్చుగీసువారు వాటిని మోజుతో కొని తమ ఓడలలో దూరదేశాలకు కొనిపోయినారు. ఆ ఓడలు జపాను చేరినవి. ఆ శతాబ్దం చివర జపాను పనివారు పోర్చుగీసు కొనుగోలుదారుల కొరకు నల్లని లక్కపూత మీద ముత్యపుచిప్పను దట్టంగా కూర్చి, గోపురం వంటి మూతలున్న పెట్టెలను చేసినారు. అంతకు ముందరి జపాను లక్కపనిలో చిప్ప లేకపోలేదు. కాని ఇంత కిక్కిరిసిన కూర్పు, ఈ రేఖాగణితపు అంచులు గుజరాతు పని ప్రభావమని కళాచరిత్రకారులు గుర్తించినారు. ఈ పెట్టెలను నంబన్ పనులంటారు. నంబన్ అనగా దక్షిణపు మ్లేచ్ఛులు. దక్షిణ సముద్రం మీదుగా వచ్చిన తెల్లవారికి జపానువారు పెట్టిన పేరది.

1639లో జపాను పోర్చుగీసువారిని వెళ్ళగొట్టినది. తరువాత అక్కడ మిగిలిన ఐరోపా వర్తకులు డచ్చివారొక్కరే. వారు 1609లో హిరాదోలో కొట్టు పెట్టినారు, 1641లో నాగసాకి రేవులోని దేషిమా అనే చిన్న దీవికి తరలింపబడినారు. అదే డచ్చి కంపెనీకి సూరతులో 1616 నుండి కొట్టు ఉన్నది, అంతకు మునుపే మన మచిలీపట్టణంలో ఉన్నది. జపాను రాగి ఈ కంపెనీ ఓడలలో వచ్చి సూరతులోను, కోరమాండలు తీరంలోను అమ్ముడయినది. మన తీరపు అద్దకపు బట్టలు జపాను చేరినవి. అక్కడ వాటిని సరసా అన్నారు. చారల నూలుబట్టకు సంతోమే అనే పేరు నిలిచినది. అది మైలాపూరు దగ్గరి శాంథోము పేరే. తేనీటి గోష్ఠులకు వాడే పాత్రలను చుట్టిపెట్టుకొనడానికి అక్కడి రసికులు సరసా తునకలను భద్రపరచుకొనేవారు. చిరిగిన ముక్కను కూడా పారవేయలేదు. ఇక్కడ ఎనిమిది గజాల తాను ఉన్నవాడు దానిని అంత గౌరవంగా చూచి ఉండడు.

తెలుగు పాఠకుడు ఇంతదాకా వచ్చి మన సంగతేమని అడగడం న్యాయమే. మనకు విశాఖపట్టణం ఉన్నది. పదిహేడవ శతాబ్దం చివర ఆంగ్లేయుల కొట్టు అక్కడ వెలసిన తరువాత, ఆ పట్టణపు కంసాలి పనివారు దంతపు పనిలో పేరు సంపాదించినారు. పద్దెనిమిదవ శతాబ్దంలో వారు ఇరుగుడు కొయ్యలో దంతపు లతలను పొదిగి కుర్చీలు, బీరువాలు, పెట్టెలు చేసినారు. దంతం మీద సూదివంటి ఉలితో గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్కను నింపేవారు. అప్పుడు తెల్లని దంతంపై సిరాతో గీచినట్లు బొమ్మ తేలుతుంది. కలంకారీ అంచులలో మనం చూచే పూలతీగె ఆ పెట్టెల అంచులలోను పారుతుంది. క్రమంగా గంధపుచెక్కకు దంతపు రేకును పూర్తిగా తొడిగి, దానిమీద మేడలు, స్తంభాలు చెక్కడం వాడుకలోకి వచ్చినది. పంతొమ్మిదవ శతాబ్దంలో కొమ్ము, తాబేటిచిప్ప, ముళ్ళపంది ముళ్ళు చేరినవి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో విశాఖ పెట్టెలు చాల ఉన్నవి. విశాఖలో వెదకబోతే దొరకడం కష్టం. అవి మొదటి నుండి దొరల ఇండ్లకే చేసినవి, ఓడలెక్కి పోయినవి. తెలుగు అమ్మమ్మ ఆ పెట్టెను మనుమరాలికి ఇచ్చిన ఆచారం ఏర్పడలేదు. విశాఖ పని అంతరించి, సూరతు పని కొన ఊపిరితోనైనా మిగలడానికి ఇది ఒక కారణమని నా నమ్మకం. కొనేవాడు ఓడ దిగి వచ్చి ఓడ యెక్కి పోయేవాడయితే పని కూడా అతని వెంట పోతుంది.

రెంటికీ తగిలిన దెబ్బ దంతం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లో సవరించి మన ఏనుగుల దంతంతో వ్యాపారాన్ని నిషేధించినారు. 1991 సవరణతో ఆఫ్రికా నుండి వచ్చే దంతానికి కూడా తలుపు మూసినారు. ఈ నిషేధాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. ఏనుగు బ్రతకడం పెట్టె మెరవడంకన్న ముఖ్యం. కాని చట్టం చేసినవారు, పనివాని చేతిలోని తెల్లని పుల్లను తీసుకొన్న తరువాత ఆ చోట ఏమి ఉంచవలెనో ఆలోచించినట్లు లేదు. సాదేలి పనివారు తామే వెదకుకొని ఎముకకు, ప్లాస్టిక్కుకు మారినారు. ప్లాస్టిక్కు తెలుపు దంతపు తెలుపు కాదు. అది ఏండ్లు గడచిన కొద్దీ పాలమీగడ వన్నె తిరగదు. అయితే హకోనేలో దంతమే లేదన్న సంగతి ఇక్కడ గుర్తుకు రావలె. కొయ్యల రంగులతోనే అంత వైవిధ్యం సాధ్యమైనప్పుడు, పడమటి కనుమల అడవులు దగ్గరనున్న సూరతులో ప్లాస్టిక్కు ఎందుకన్న ప్రశ్న నాకు కలుగుతూ ఉంటుంది.

పాత పెట్టె ఉన్నవారి కష్టం మరొకటి. దంతం అతికిన పెట్టెను మనుమరాలికి ఇవ్వవచ్చును గాని బజారులో అమ్మరాదు. ఒక నక్షత్రం ఊడితే దానికి సరిపడే బిళ్ళ కొరకు అటువంటి కట్టనే మళ్ళీ కట్టవలె. ఒక్క బిళ్ళ కొరకు కట్ట కట్టే పనివాడు ఎక్కడ? తేమ ఈ పెట్టెకు బద్ధశత్రువు, సూరతు తాపీనది ఒడ్డున ఉన్న ఊరు. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుండి వదలిన నీటితో నగరంలో అధికభాగం మునిగినది. జిగురే ప్రాణంగా నిలిచిన వస్తువులకు ఆ రోజులు ఎటువంటివో ఊహించుకొనవచ్చును.

జపాను ప్రభుత్వం యోసెగిని 1984లో సంప్రదాయ శిల్పంగా గుర్తించినది. కాని హకోనే పనిని నిలబెట్టినది గుర్తింపు పత్రం ఒక్కటే కాదు. అక్కడివారు పెద్ద పెట్టెలతో పాటు గిన్నె క్రింద ఉంచే పలక, పుస్తకంలో పెట్టుకొనే పొర, నాలుగు కదలికల చిన్న గుప్తపేటిక చేస్తారు. ఏటా జనవరిలో విశ్వవిద్యాలయాల విద్యార్థులు టోక్యో నుండి హకోనే కొండకు పరుగెత్తి తిరిగివచ్చే పందెంలో, పోయేదారిలో గెలిచిన జట్టుకు యోసెగి పని బహుమానమిస్తారు. దేశమంతా దానిని చూస్తుంది. సూరతు పని మాత్రం ఇంకను పెద్ద పెట్టె, పెద్ద పళ్ళెం, పెండ్లి కానుక అనే గీత దాటినట్లు కనిపించదు. మగ్గం మీద బ్రతికే తాత తన మనుమనికి కొనియివ్వగల సాదేలి వస్తువు ఒకటి వడోద్ అంగడిలో ఉండవద్దా? హతాజుకులోని యోసెగి భవనంలో చూడవచ్చిన పిల్లలను బల్లముందు కూర్చుండబెట్టి, రంగురంగుల కొయ్యతునకలు, జిగురు వారి ముందు ఉంచుతారు. ముక్కోణాలను తమకు తోచిన వరుసలో చేర్చి, బిగించి, ఆరిన తరువాత ఆ చిన్న పలకను పిల్లలు ఇంటికి పట్టుకొని పోతారు.